బ్రౌజర్‌లో దాగిన ట్రాకింగ్ ఫైళ్లు: చూడటం, ఆపడం, తుడవడం

హిస్టరీ మొత్తం క్లియర్ చేసినా, నిన్న వెతికిన మోకాలి నొప్పి మందుల ప్రకటనలే ఈరోజు వార్తల సైట్‌లో మళ్లీ కనిపిస్తుంటాయి. చాలామంది అక్కడే "ఇక మన చేతుల్లో ఏమీ లేదు" అని వదిలేస్తారు. నిజానికి మన చేతుల్లో చాలా ఉంది. హిస్టరీ అంటే మీరు చూసిన పేజీల జాబితా, బ్రౌజర్ మీ సౌకర్యం కోసం రాసుకునేది. మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు రాసుకునే ఫైళ్లు వేరే ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనవి కుకీలు. హిస్టరీ తుడిస్తే అవి పోవు.

ఇంకో మాట ముందే చెప్పాలి. "కుకీలు క్లియర్ చేసుకోండి" అనే సలహా సగమే సరైనది. ముందు ఆపకుండా తుడిస్తే, తర్వాత తెరిచిన మొదటి పేజీతోనే కొత్తవి వచ్చి కూర్చుంటాయి. పైగా మీకు అవసరమైన లాగిన్లు కూడా పోతాయి. కాబట్టి ముందు ఏమున్నాయో చూడాలి, తర్వాత బయటివాళ్లను ఆపాలి, ఆ తర్వాత ఒకసారి శుభ్రంగా తుడవాలి, చివరికి అవే మళ్లీ పేరుకోకుండా ఏర్పాటు చేసుకోవాలి. ఈ మార్గదర్శి ఆ వరసలోనే వెళ్తుంది.

మెనూ పేర్లు ఇంగ్లీష్ సెట్టింగ్‌లో ఉన్న ఫోన్, కంప్యూటర్‌లో కనిపించినట్టే ఇస్తున్నాను. వెర్షన్‌ని బట్టి ఒకటి రెండు మాటలు మారొచ్చు. దొరక్కపోతే సెట్టింగ్స్ పేజీ పైన ఉండే సెర్చ్‌లో కుకీ అని ఇంగ్లీష్‌లో కొట్టండి, నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది.

అసలు ఏమేం దాస్తారు

కుకీని 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మోంటుల్లి తయారుచేశారు. వెబ్ సర్వర్‌కు సహజంగా జ్ఞాపకం ఉండదు. మీరు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తే, రెండూ అడిగింది ఒకే మనిషి అని దానికి తెలియదు. షాపింగ్ బుట్టలో వస్తువు నిలవాలన్నా, లాగిన్ నిలవాలన్నా ఏదో ఒక గుర్తు కావాలి. ఆ గుర్తే కుకీ. సుమారు 4 కేబీకి మించని చిన్న అక్షరాల ముక్క.

గుడి బయట చెప్పుల స్టాండ్‌లో ఇచ్చే టోకెన్ లాంటిది ఇది. టోకెన్ మీద మీ పేరుండదు, ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ ఎవరిదో, అరలో ఏముందో కౌంటర్ దగ్గరున్నవాళ్లకే తెలుసు. ట్రాకింగ్ కుకీ కూడా సాధారణంగా ఒక పొడవాటి నంబరే. మీరు ఏమేం చూశారన్న వివరాలన్నీ ప్రకటనల కంపెనీ సర్వర్‌లో ఆ నంబర్ కింద ఉంటాయి. అందుకే కుకీ తుడిస్తే అక్కడి రికార్డు చెరిగిపోదు. ఆ రికార్డుకీ మీ ఫోన్‌కీ మధ్య ఉన్న లింక్ తెగుతుంది. అది తక్కువ లాభం కాదు. కానీ మీరు అదే కంపెనీ అకౌంట్‌లో లాగిన్ అయి ఉంటే ఆ లింక్ మళ్లీ కలుస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇబ్బందంతా థర్డ్ పార్టీ కుకీలతో. మీరు ఒక తెలుగు వార్తల సైట్ తెరిచారనుకోండి. ఆ సైట్ పెట్టే కుకీ ఫస్ట్ పార్టీ. ఆ పేజీలోనే ఒక మూల ప్రకటనల కంపెనీ తాలూకు బొమ్మో, స్క్రిప్టో (పేజీలో నడిచే చిన్న కోడ్) ఉంటుంది. అది వేరే సర్వర్ నుంచి వస్తుంది, వస్తూ తన కుకీని కూడా పెట్టేస్తుంది. అదే థర్డ్ పార్టీ కుకీ. కాసేపటికి మీరు వంటల సైట్‌కి వెళ్లారు, తర్వాత షుగర్ మందుల గురించి చదివారు, తర్వాత హోమ్ లోన్ వడ్డీ చూశారు. ఆ నాలుగు సైట్లలోనూ అదే కంపెనీ ప్రకటనలుంటే, నాలుగు చోట్లా అదే నంబర్ దానికి తిరిగి చేరుతుంది. ఏ ఒక్క సైట్‌కీ మీ గురించి పూర్తిగా తెలియదు, ఆ కంపెనీకి మాత్రం తెలుస్తుంది. ఇంట్లో అందరూ ఒకే ఫోన్ వాడుకునే చోట ఒకరి జబ్బు గురించిన వెతుకులాట ఇంకొకరి కళ్ల ముందు ప్రకటనగా వచ్చి నిలబడుతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

కుకీ ఒక్కటే అయితే పని సులువయ్యేది. లోకల్ స్టోరేజ్ అని ఇంకోటుంది. ఒక్కో సైట్‌కు సాధారణంగా 5 ఎంబీ వరకు చోటు, దానికి గడువు తేదీ ఉండదు. సైట్లు డేటా దాచుకునే ఇండెక్స్‌డ్ డీబీ అనే చోటు ఇంకా పెద్దది. క్యాచీ అంటే బొమ్మలు, స్క్రిప్టులు మళ్లీ డౌన్‌లోడ్ కాకుండా దాచుకునే చోటు. అందులో ఒక్కో ఫైలుకు సర్వర్ ఇచ్చే ఈట్యాగ్ అనే గుర్తును మనిషిని గుర్తుపట్టడానికి వాడుకున్న సందర్భాలున్నాయి. సర్వీస్ వర్కర్ అనేది సైట్ మూసేశాక కూడా నోటిఫికేషన్లు పంపగలిగే చిన్న ప్రోగ్రామ్.

పాత కాలంలో, సైట్లలో వీడియోలు, ఆటలు నడిపే ఫ్లాష్ అనే ప్రోగ్రామ్ దాచే ఫ్లాష్ కుకీలు ఉండేవి. బ్రౌజర్‌లో కుకీలు తుడిచినా ఇవి వేరే ఫోల్డర్‌లో మిగిలిపోయేవి, చెరిపేసిన మామూలు కుకీని మళ్లీ పుట్టించేవి. 2009లో బర్కిలీ విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. మరుసటి ఏడాది సామీ కమ్కార్ అనే ప్రోగ్రామర్ ఎవర్‌కుకీ పేరుతో, ఒకే గుర్తును పది రకాల చోట్ల దాచి, ఒకచోట తుడిస్తే ఇంకోచోట నుంచి తిరిగి రాసుకునే ప్రోగ్రామ్‌ను అందరికీ తెలిసేలా విడుదల చేశారు. ఫ్లాష్‌కు అడోబ్ 2020 డిసెంబర్ 31తో మంగళం పాడింది కాబట్టి ఇప్పుడు దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. పాఠం మాత్రం మిగిలింది: ఒక్క రకం ఫైలునే తుడిచి ఊరుకుంటే సరిపోదు.

మొదటి అడుగు: మీ దగ్గర ఏమున్నాయో చూడండి

కంప్యూటర్‌లో క్రోమ్ వాడుతుంటే, మీరు రోజూ చూసే ఒక సైట్ తెరవండి. అడ్రస్ బార్‌లో ఎడమ చివర ఉన్న గుర్తు నొక్కి, "కుకీస్ అండ్ సైట్ డేటా" లోకి, అక్కడి నుంచి "మేనేజ్ ఆన్ డివైస్ సైట్ డేటా" లోకి వెళ్లండి. ఆ ఒక్క పేజీ కోసం ఎన్ని సైట్లు మీ కంప్యూటర్‌లో ఫైళ్లు పెట్టాయో జాబితా వస్తుంది. మీరు తెరిచింది ఒక సైట్, జాబితాలో మాత్రం మీరెప్పుడూ వినని పేర్లు కనిపిస్తాయి.

ఇంకా లోతుగా చూడాలంటే ఎఫ్12 కీ నొక్కి "అప్లికేషన్" ట్యాబ్‌లోకి వెళ్లండి. ఎడమ పక్క స్టోరేజ్ కింద లోకల్ స్టోరేజ్, సెషన్ స్టోరేజ్, ఇండెక్స్‌డ్ డీబీ, కుకీస్ అని విడివిడిగా ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో షిఫ్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే ఇలాంటి పేజీయే తెరుచుకుంటుంది. పేరు, విలువ, గడువు అనే గడులు చూడండి. గడువు దగ్గర "సెషన్" అని ఉంటే బ్రౌజర్ మూసేస్తే పోయేది. ఏడాది తర్వాతి తేదీ ఉంటే మీతో ఎక్కువ కాలం ఉండాలని వచ్చింది. క్రోమ్ 2022 నుంచి ఏ కుకీకీ 400 రోజులకు మించి గడువు ఇవ్వనివ్వడం లేదు. కానీ సైట్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆ గడువును సైట్ కొత్తగా పొడిగించుకోవచ్చు.

కొన్ని పేర్లు గుర్తుపట్టడం తేలిక. అండర్‌స్కోర్ తర్వాత జీ, ఏ అక్షరాలున్నది, సైట్‌కు వచ్చేవాళ్లను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌ది. అండర్‌స్కోర్ తర్వాత ఎఫ్, బీ, పీ ఉన్నది, వేరే సైట్లలో ఉండే ఫేస్‌బుక్ ట్రాకింగ్ కోడ్ "పిక్సెల్"ది. ఐ, డీ, ఈ అనే మూడక్షరాల పేరుతో డబుల్‌క్లిక్ కింద ఉండేది గూగుల్ ప్రకటనలది. పేరులో సెషన్, సెస్, లాగిన్, టోకెన్ వంటి మాటలుంటే చాలావరకు మీకు పనికొచ్చేవే. మిమ్మల్ని లాగిన్‌లో ఉంచేవి అవే.

ఈ పేజీలో కనిపించే విలువలను ఎవరికీ స్క్రీన్‌షాట్ తీసి పంపకండి. లాగిన్ కుకీ దొరికితే చాలు, పాస్‌వర్డ్, ఓటీపీ ఏదీ లేకుండానే ఎదుటివాళ్లు మీ అకౌంట్‌లోకి వచ్చేయగలరు. పైరసీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే దొంగ ప్రోగ్రామ్‌లు ముందుగా వెతికేది బ్రౌజర్‌లోని ఈ ఫైళ్లనే. "ఎఫ్12 నొక్కి ఈ కోడ్ పేస్ట్ చేస్తే రీచార్జ్ ఫ్రీ" అని ఎవరైనా చెబితే అది కూడా ఇందుకే.

ఫోన్‌లో ఎఫ్12 ఉండదు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, ఆల్ సైట్స్. ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాప్స్, సఫారీ, అడ్వాన్స్‌డ్, వెబ్‌సైట్ డేటా. ఏ సైట్ ఎంత చోటు తీసుకుందో అక్కడ కనిపిస్తుంది.

రెండో అడుగు: బయటివాళ్లను ఆపండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, చేయడానికి రెండు నిమిషాలు చాలు.

మన దగ్గర ఎక్కువ ఫోన్లలో ముందే వచ్చేది క్రోమ్ కాబట్టి దానితో మొదలుపెడదాం. థర్డ్ పార్టీ కుకీలను రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. గడువు వాయిదా మీద వాయిదా పడింది. 2024 జులైలో ఆ ఆలోచన మార్చుకుంది. 2025 ఏప్రిల్‌లో, దీని గురించి వాడకందార్లను విడిగా అడిగే కొత్త తెర కూడా తీసుకురావడం లేదని చెప్పింది. అంటే మీరు స్వయంగా మార్చుకోకపోతే మామూలు క్రోమ్ విండోలో థర్డ్ పార్టీ కుకీలు నడుస్తూనే ఉంటాయి.

మార్చే దారి ఇది:

1. కంప్యూటర్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, థర్డ్ పార్టీ కుకీస్.
2. "బ్లాక్ థర్డ్ పార్టీ కుకీస్" ఎంచుకోండి.
3. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, థర్డ్ పార్టీ కుకీస్. అక్కడా అదే. కంప్యూటర్‌లో మార్చితే ఫోన్‌లో కూడా మారిందని అనుకోవద్దు, రెండు చోట్లా చూసుకోండి.

ఇలా ఆపాక ఏదైనా సైట్‌లో లాగిన్ పనిచేయకపోయినా, పేజీ లోపల తెరుచుకునే చెల్లింపు గడి ఖాళీగా కనిపించినా కంగారు పడి మొత్తం సెట్టింగ్ వెనక్కి తీసుకోకండి. అడ్రస్ బార్ కుడి చివర కన్ను గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే ఆ ఒక్క సైట్‌కు తాత్కాలికంగా అనుమతి ఇవ్వొచ్చు. పని అయ్యాక తీసేయొచ్చు.

ఫైర్‌ఫాక్స్ ఈ విషయంలో ముందుంది. 2022 జూన్ నుంచి "టోటల్ కుకీ ప్రొటెక్షన్" దానంతట అదే పనిచేస్తోంది. ప్రతి సైట్‌కూ ఒక్కో విడి డబ్బా ఇస్తుంది. వార్తల సైట్‌లో ప్రకటనల కంపెనీ పెట్టిన కుకీ వంటల సైట్‌లో దానికి కనిపించదు. అంతకుముందే, 2021 జనవరిలో వచ్చిన 85వ వెర్షన్‌తో క్యాచీని కూడా ఇలాగే విడగొట్టారు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి "స్ట్రిక్ట్" పెట్టుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది. ఎవరైనా నన్ను అడిగితే, బ్యాంకు పనులకూ చదువుకోవడానికీ ఫైర్‌ఫాక్స్ పెట్టుకోమనే చెబుతాను. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ ఆన్ (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) కూడా పనిచేస్తుంది. ట్రాకర్ స్క్రిప్ట్ అసలు లోడ్ కాకుండానే అది ఆపుతుంది. క్రోమ్‌లో ఇప్పుడు దాని తేలికపాటి రూపం "యూబ్లాక్ ఆరిజిన్ లైట్" మాత్రమే దొరుకుతుంది. అదైనా పెట్టుకోండి. ఇలాంటివి నాలుగైదు పెట్టుకోవద్దు. యాడ్ ఆన్ ఏదైనా మీరు చూసే ప్రతి పేజీనీ చదవగలదు, కాబట్టి నమ్మకమైనది ఒక్కటి చాలు.

సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపుతోంది. "ప్రివెంట్ క్రాస్ సైట్ ట్రాకింగ్" ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకుంటే చాలు. ఎడ్జ్‌లో ట్రాకింగ్ ప్రివెన్షన్‌ను "బ్యాలన్స్‌డ్" నుంచి "స్ట్రిక్ట్"కు మార్చండి.

మూడో అడుగు: తుడిచే ముందు ఒక జాగ్రత్త

కుకీలన్నీ తుడిస్తే దాదాపు అన్ని సైట్లలో మళ్లీ లాగిన్ కావాలి. బ్యాంకు సైట్ మీ కంప్యూటర్‌ను కొత్తదనుకుని మళ్లీ ఓటీపీ అడుగుతుంది. కాబట్టి ముందు మెయిల్, ముఖ్యమైన అకౌంట్ల పాస్‌వర్డ్‌లు మీకు తెలుసో లేదో చూసుకోండి. వాటికి ఇచ్చిన ఫోన్ నంబర్ ఇప్పటికీ మీ దగ్గరే ఉందా? ఇదే పెద్ద ప్రశ్న. పాత సిమ్ నంబర్‌తో తెరిచిన మెయిల్, ఏళ్లుగా లాగిన్‌లోనే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కుకీ పోయిన రోజున లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. విదేశాలకు వెళ్లి ఇండియా నంబర్ వదిలేసినవాళ్లకు ఇది మరీ ఎక్కువ. నంబర్ మార్చుకున్నాకే తుడవండి.

ఫోన్‌పే, గూగుల్ పే వంటి యూపీఐ యాప్‌లకు బ్రౌజర్ కుకీలతో సంబంధం లేదు, వాటికేమీ కాదు.

నాలుగో అడుగు: ఒకసారి శుభ్రంగా తుడవండి

ముందు ట్యాబ్‌లన్నీ మూసేయండి. తెరిచి ఉన్న పేజీ, మీరు తుడిచిన మరుక్షణం తన ఫైలును మళ్లీ రాసుకోగలదు.

క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి "డిలీట్ బ్రౌజింగ్ డేటా". టైమ్ రేంజ్ "ఆల్ టైమ్" పెట్టండి, గంటో రోజో కాదు. "కుకీస్ అండ్ అదర్ సైట్ డేటా", "క్యాచ్‌డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్" రెండింటికీ టిక్ పెట్టండి. మొదటి దానిలో లోకల్ స్టోరేజ్, ఇండెక్స్‌డ్ డీబీ, సర్వీస్ వర్కర్లు కూడా వస్తాయి. పాస్‌వర్డ్‌లు, ఆటోఫిల్ పక్కన టిక్ ఉంటే తీసేయండి, వాటిని తుడిచి సాధించేదేమీ లేదు. క్రోమ్‌లో గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉంటే, కుకీలన్నీ పోయినా ఆ గూగుల్ అకౌంట్ మాత్రం లాగిన్‌లోనే ఉండిపోతుంది. పాత వెతుకులాటల రికార్డు కూడా పోవాలంటే గూగుల్ అకౌంట్‌లో డేటా అండ్ ప్రైవసీ కింద "వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ" లోకి వెళ్లి విడిగా తుడిచి, ఆటో డిలీట్‌ను 3 నెలలకు పెట్టుకోవాలి.

ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద "క్లియర్ డేటా". ఐఫోన్‌లో సఫారీ సెట్టింగ్స్‌లో "క్లియర్ హిస్టరీ అండ్ వెబ్‌సైట్ డేటా".

అమ్మానాన్నల ఫోన్లలో ఒక విషయం తప్పకుండా చూడండి. ఏదో సైట్‌లో పొరపాటున "అలో" నొక్కి ఉంటారు, అప్పటి నుంచి "మీ ఫోన్‌లో వైరస్ ఉంది", "బహుమతి గెలిచారు" అంటూ నోటిఫికేషన్లు వస్తూనే ఉంటాయి. కుకీలు తుడిచినా ఆ అనుమతి పోదు. అది సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ కింద విడిగా ఉంటుంది. అక్కడ తెలియని సైట్లన్నీ తీసేసి, ఇకపై ఏ సైటూ అడగకుండా పైన ఉన్న స్విచ్ ఆపేయండి. పెద్దవాళ్లు మోసపోయే దారుల్లో ఇదొకటి.

ఐదో అడుగు: మళ్లీ పేరుకోకుండా

ప్రతి నెలా గుర్తు పెట్టుకుని తుడవడం ఎవరివల్లా కాదు. బ్రౌజర్ మూయగానే అన్నీ పోయి, మీరు ఎంచుకున్న నాలుగు సైట్లవి మాత్రం ఉండేలా పెట్టుకోవడం మేలు.

ఫైర్‌ఫాక్స్‌లో "డిలీట్ కుకీస్ అండ్ సైట్ డేటా వెన్ ఫైర్‌ఫాక్స్ ఈజ్ క్లోజ్డ్" కు టిక్ పెట్టి, పక్కనే ఉన్న "మేనేజ్ ఎక్సెప్షన్స్"లో మీ మెయిల్, ఆఫీసు సైట్ చేర్చండి. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో "డిలీట్ బ్రౌజింగ్ డేటా ఆన్ క్విట్" ఉంటుంది.

కంప్యూటర్ క్రోమ్‌లో దారి కొంచెం పొడవు: ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్, ఆన్ డివైస్ సైట్ డేటా. అక్కడ కిటికీలన్నీ మూసినప్పుడు సైట్ల డేటా తుడిచేయమనే ఎంపిక ఉంది. నిలుపుకోవాల్సిన సైట్లను కింద "అలోడ్" జాబితాలో చేర్చండి. ఇక్కడ రెండు తిరకాసులున్నాయి. "కంటిన్యూ వేర్ యూ లెఫ్ట్ ఆఫ్" ఆన్‌లో ఉంటే సెషన్ కుకీలు మూసినా బతికే ఉంటాయి. సిస్టమ్ కింద "కంటిన్యూ రన్నింగ్ బ్యాక్‌గ్రౌండ్ యాప్స్" ఆన్‌లో ఉంటే మీరు మూసినా క్రోమ్ నిజంగా మూసుకోదు. రెండూ ఆపండి.

ఇన్‌కాగ్నిటో విండో ఈ పనిలో కొంతవరకే ఉపయోగం. మూయగానే కుకీలు పోతాయి, క్రోమ్‌లోనైనా అందులో థర్డ్ పార్టీ కుకీలు ముందే ఆగి ఉంటాయి. కానీ సైట్‌కు, వైఫై ఇచ్చేవాళ్లకు, నెట్ కంపెనీకి మీరు కనిపిస్తూనే ఉంటారు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా సమాచారం సేకరించారంటూ 2020లో అమెరికాలో గూగుల్ మీద కేసు వేశారు. 2024లో కుదిరిన ఒప్పందంలో వందల కోట్ల రికార్డులను నాశనం చేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది.

"యాక్సెప్ట్ ఆల్" అని అడిగినప్పుడు

కుకీలకు ఒప్పుకోమంటూ సైట్‌లో అడ్డం వచ్చిన గడిని త్వరగా వదిలించుకోవాలని అందరం పెద్ద రంగు బటన్ నొక్కేస్తాం. ఆ బటన్‌ను పెద్దదిగా పెట్టేది అందుకే. "రిజెక్ట్ ఆల్" కనిపిస్తే అదే నొక్కండి, సైట్ చక్కగా పనిచేస్తుంది. కనిపించకపోతే "మేనేజ్" లేదా "ప్రిఫరెన్సెస్"లోకి వెళ్లండి. అక్కడ "లెజిటిమేట్ ఇంటరెస్ట్" అనే రెండో ట్యాబ్ ఉంటే అందులో స్విచ్‌లు ముందే ఆన్ చేసి ఉంటాయి, వాటినీ ఆపాలి.

యూరప్‌లో ఉండే మనవాళ్లకు ఈ రిజెక్ట్ బటన్ బాగా కనిపించడానికి కారణం ఉంది. ఒప్పుకోవడం ఒక్క నొక్కుతో అయిపోయి, కాదనడానికి మాత్రం ఎన్నో నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది.

మన దేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆరేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు ఆ రోజు నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, దేనికోసమో తెలిసి ఇచ్చినదై ఉండాలి, వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా ఉండాలి. ఇంకో మంచి మాట ఏమిటంటే, సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగు ఉంది. తెలుగులో అడగండి, సైట్లకు రాసి మరీ అడగండి. అర్థం కాని భాషలో ఇచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలు ఎలా అవుతుంది?

ఫైళ్లు లేకుండా కూడా వెంటపడేవి

అన్నీ తుడిచినా కొంత మిగులుతుంది. మీ స్క్రీన్ సైజు, ఫాంట్లు, గ్రాఫిక్స్ చిప్, టైమ్‌జోన్ అన్నీ కలిపి మీ పరికరాన్ని గుర్తుపట్టడాన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. దీనికి మీ ఫోన్‌లో ఏ ఫైలూ అక్కర్లేదు కాబట్టి తుడవడానికి ఏమీ ఉండదు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో మొదలుపెట్టిన పరీక్ష ఇప్పుడు "కవర్ యువర్ ట్రాక్స్" పేరుతో ఉంది, అక్కడ మీ బ్రౌజర్ ఎంత తేలిగ్గా దొరికిపోతుందో చూసుకోవచ్చు. దీని నుంచి ఫైర్‌ఫాక్స్ స్ట్రిక్ట్, సఫారీ, బ్రేవ్ అనే బ్రౌజర్ కొంత రక్షణ ఇస్తాయి.

వాట్సాప్‌లో లింక్ పంపేటప్పుడు ప్రశ్న గుర్తు తర్వాత పొడవుగా ఉండే తోకను చూడండి. అందులో ఎఫ్‌బీక్లిడ్, జీక్లిడ్, యూటీఎం అనే మాటలుంటే, ఆ లింక్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే గుర్తులు. ఆ తోక తీసేసి పంపినా పేజీ మామూలుగా తెరుచుకుంటుంది. జీమెయిల్‌లో సెట్టింగ్స్‌లోని "ఇమేజెస్" కింద, బయటి బొమ్మలు చూపే ముందు అడగమని పెట్టుకుంటే, మెయిల్ తెరిచారో లేదో పసిగట్టే కంటికి కనిపించని బొమ్మలు ఆగుతాయి.

ఇక యాప్‌లు. 2025 జూన్‌లో పరిశోధకులు ఒక పద్ధతిని బయటపెట్టారు: ఆండ్రాయిడ్ ఫోన్లలో మెటా (ఫేస్‌బుక్ సంస్థ), యాండెక్స్ (రష్యా సెర్చ్ కంపెనీ) యాప్‌లు ఫోన్ లోపలి పోర్టుల (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారుల) ద్వారా, బ్రౌజర్‌లో తమ స్క్రిప్టులు పంపే గుర్తులను అందుకుంటున్నాయని. ఇన్‌కాగ్నిటో గానీ కుకీలు తుడవడం గానీ దీన్ని ఆపలేకపోయాయి. బయటపడ్డాక ఆ పద్ధతి మానేశారు. అందుకే ఎక్కువ వాడని యాప్ ఉంటే తీసేసి, ఆ సైట్‌ను బ్రౌజర్‌లోనే చూడటం మంచిదని నా అభిప్రాయం. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్, యాడ్స్‌లోకి వెళ్లి "డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ" నొక్కండి. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ట్రాకింగ్‌లో "అలో యాప్స్ టు రిక్వెస్ట్ టు ట్రాక్" ఆపేయండి.

నెట్ సెంటర్లో, కాలేజీ ల్యాబ్‌లో

ఇంట్లో ఎంత జాగ్రత్తగా ఉన్నా, జిరాక్స్ షాపులో హాల్ టికెట్ ప్రింట్ కోసం మెయిల్ తెరిచి, పేపర్ చేతికి రాగానే వెళ్లిపోయేవాళ్లు ఎందరో. ట్యాబ్ మూస్తే లాగిన్ పోదు. ఆ కుకీ అక్కడే ఉంటుంది, తర్వాత కూర్చున్నవాళ్లు అదే సైట్ తెరిస్తే మీ మెయిల్ వస్తుంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు నెట్ సెంటర్లో పెట్టే పిల్లల విషయంలో ఇది మరీ ప్రమాదం. లాగౌట్ కాకుండా వదిలేసిన కంప్యూటర్‌లో వేరేవాళ్లు ఆప్షన్లు మార్చేస్తే సీటే మారిపోవచ్చు.

బయటి కంప్యూటర్‌లో కూర్చోగానే మూడు చుక్కల మెనూలో ఇన్‌కాగ్నిటో విండో తెరవండి, క్రోమ్ గెస్ట్ విండో దొరికితే ఇంకా మంచిది. "సేవ్ పాస్‌వర్డ్" అడిగితే "నెవర్". పని అయ్యాక సైట్‌లో లాగౌట్ నొక్కి, ఆ తర్వాత ఆ కిటికీలన్నీ మూయండి. ఇన్‌కాగ్నిటోలో ఒక్క కిటికీ తెరిచి ఉన్నా లాగిన్ బతికే ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఆధార్, మార్కుల మెమో పీడీఎఫ్‌లు ఇన్‌కాగ్నిటోలో తెచ్చినా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మిగిలిపోతాయి. వాటిని చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. షాపు ఆయన్ని అడగడానికి మొహమాటపడకండి, అవి మీ కాగితాలు.

లాగౌట్ మర్చిపోయి ఇంటికొచ్చేశారా? ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో "యువర్ డివైసెస్" చూడండి. మీది కాని కంప్యూటర్ కనిపిస్తే దాని మీద నొక్కి సైన్ అవుట్ చేయండి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ వాడి ఉంటే, వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" తెరిచి అక్కడున్న ఆ కంప్యూటర్‌ను లాగౌట్ చేయండి. అలా చేశాక షాపులోని ఆ బ్రౌజర్‌లో మిగిలిన లాగిన్ ఫైలు ఇక దేనికీ పనికిరాదు.